మిసిసిపీ జాన్ హర్ట్ బొటనవేలు

1928 ఫిబ్రవరి 14. మెంఫిస్ నగరంలో ఓ పెద్ద ఖాళీ హాలు. మధ్యలో కుర్చీ, అందులో ఒళ్లో గిటారు పెట్టుకుని కూర్చున్న ఒక పల్లెటూరి వ్యవసాయ కూలీ. ఆయన కాక గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు ఓకే రికార్డుల కంపెనీ మనిషి, మరొకరు మెషీన్ చూసుకునే ఇంజనీరు. మైకును ఆయన నోటి దాకా జరిపి, సరైన చోటు కుదిరాక, ఇక తల కదపొద్దన్నారు. కదపకుండానే పాడాడు. ఆ టెన్షన్‌కి మెడ పట్టేసి చాలా రోజులు నొప్పి పెట్టిందని ఎన్నో ఏళ్ల తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఆ రోజు రికార్డు చేసిన ఎనిమిది పాటల్లో రెండే అమ్మకానికి వచ్చాయి. వాటిలో ఒకటి ‘ఫ్రాంకీ’. మూడు నిమిషాల పైచిలుకు పాట. ఇవాళ వింటే అందులో మెడనొప్పి జాడ ఎక్కడా ఉండదు. ముందుగా చెవిన పడేది గొంతు కూడా కాదు, కుడిచేతి బొటనవేలు. మంద్రంలో ఒక తీగ, వెంటనే ఇంకో తీగ, మళ్లీ మొదటిది. పాట మొదలైనప్పుడు ఎలా నడిచిందో పాట అయిపోయేటప్పుడూ అలాగే నడుస్తుంది. మిసిసిపీ జాన్ హర్ట్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ వేలి దగ్గర మొదలుపెట్టడం మంచిది. బ్లూస్ అంటే అమెరికా నల్లవాళ్ల పాటల సంప్రదాయం. ఆయన బ్లూస్‌ను బ్లూస్‌కున్న మామూలు కొలబద్దతో కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఆ కొలబద్ద అందరికీ తెలిసిందే. బ్లూస్ అంటే ఏడుపు, గొంతు చించుకుని పాడటం, తీగను సాగదీసి మూలిగించడం. మన దగ్గర చాలామంది బ్లూస్‌ దాకా వచ్చేది రాక్ సంగీతం దారిలోనే. అంటే మడ్డీ వాటర్స్, బి.బి. కింగ్‌ల ఎలక్ట్రిక్ గిటారు ముందు, మిగతావన్నీ తర్వాత. ఆ వరసలో వచ్చి హర్ట్ పాట పెట్టుకుంటే మొదట కలిగేది అనుమానమే: ఇదీ బ్లూసేనా? వరండాలో కూర్చుని మనవళ్లకి కబుర్లు చెబుతున్నట్టుంది కదా! ఆ అనుమానంలో కొంత నిజముంది. అక్కణ్నించే మొదలుపెడదాం.

హర్ట్ పుట్టింది మిసిసిపీ రాష్ట్రం క్యారల్ కౌంటీలోని టియాక్‌లో. ఏడాది 1892 అని కొందరు, 1893 అని కొందరు. పెరిగింది, బతుకంతా గడిపింది పక్కనే ఉన్న అవలాన్‌లో. పత్తికి పేరుపడ్డ డెల్టా మైదానం అయిపోయి కొండలు మొదలయ్యే అంచున ఉంటుంది ఆ ఊరు. ఈ అంచు ముఖ్యం. డెల్టా లోపలి తోటల్లో, వారాంతపు తాగుడు గుడిసెల్లో, గోల మధ్య వినబడాలంటే అరిచి పాడాల్సిన చోట చార్లీ ప్యాటన్, సన్ హౌస్‌ల సంగీతం తయారైంది. హర్ట్ వాయించింది ఇళ్లలో, ఊరి డాన్సుల్లో. నల్లవాళ్లకీ వాయించాడు, తెల్లవాళ్లకీ వాయించాడు. అసలు రికార్డింగ్ అవకాశం కూడా విల్లీ నార్మర్ అనే తెల్ల ఫిడేలు వాద్యకారుడి వల్లే వచ్చింది. నార్మర్ తోడు గిటారిస్టు రానప్పుడు హర్ట్ ఆ చోట కూర్చునేవాడు. ఓకే కంపెనీ మనిషి నార్మర్ కోసం వస్తే, ఈ చుట్టుపక్కల ఇంకో మంచి వాద్యకారుడున్నాడని నార్మరే హర్ట్ ఇంటికి తీసుకెళ్లాడు. పేరు ముందు ‘మిసిసిపీ’ తగిలించింది కంపెనీయే, రికార్డులు అమ్ముడుపోవడానికి. ఊళ్లో ఆయన ఉత్త జాన్ హర్ట్.

అమెరికాలో ఇలాంటి పాటగాళ్లను ‘సాంగ్‌స్టర్’ అంటారు. బ్లూస్ అన్న మాట వాడుకలోకి రాకముందు నుంచీ ఉన్న జాతి ఇది. వీళ్ల సంచిలో బ్లూస్ ఒకటి మాత్రమే. హత్యల కథాగీతాలు, చర్చి కీర్తనలు, రాగ్‌టైమ్ అనే పాత పియానో బాణీల తునకలు, డాన్సు పాటలు, బడిపిల్లల తమాషా పాటలు అన్నీ అందులోనే. హర్ట్ చివరి దాకా పాడిన ‘మై క్రియోల్ బెల్’ 1900లో అచ్చయిన ఒక రాగ్‌టైమ్ బాణీ నుంచి వచ్చింది. ‘స్పానిష్ ఫాండాంగో’ పందొమ్మిదో శతాబ్దపు ఇళ్లలో గిటారు నేర్చుకునేవాళ్లందరూ వాయించిన ముక్క. పన్నెండు బార్ల (తాళావర్తనాల) బ్లూస్ మూసలో ఒదిగే పాటలు ఆయన దగ్గర తక్కువే. ఇది లోపం కాదు, వయసు. సంగీతం వయసు. హర్ట్ పాటలో వినబడేది బ్లూస్ గట్టిపడకముందు గాలిలో ఏమేం ఉండేవో ఆ సరంజామా అంతా.

ఇప్పుడు ఆ బొటనవేలి సంగతి.

హర్ట్ కుడిచేతి బొటనవేలు గిటారు లావు తీగల మీద ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి కొడుతుంది. సి కార్డు అనే స్వరాల గుత్తిలో వాయిస్తుంటే ఐదో తీగ, నాలుగో తీగ. మధ్యలో కార్డు మారితే ఆరో తీగ దాకా వెళ్తుంది. ఆగదు. చూపుడువేలు, మధ్యవేలు మాత్రం సన్న తీగల మీద పాట వరసను వాయిస్తాయి, పాడుతున్న బాణీనే కాస్త ముందుగానో కాస్త వెనకగానో. అంటే లయ మీద సూటిగా పడకుండా దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో పడతాయి. వినేవాడికి ఇద్దరు వాయిస్తున్నట్టు అనిపిస్తుంది. మన చెవికి దగ్గర పోలిక కావాలంటే మృదంగం. ఎడమచేతి వైపు గుమికి, కుడిచేతి వైపు పలుకులు. ఎడమవైపు కాలప్రమాణం నిలబెడితే కుడివైపు ఆడుకుంటుంది. హర్ట్ ఆ రెండు పనులూ ఒక్క చేత్తో చేస్తున్నాడు, పైన పాడుతున్నాడు.

తెలిసినవాళ్లు చెప్పేది ఒకటే: ఈ పని నెమ్మదిగా చేయడమే కష్టం. వేగంలో తప్పులు కొట్టుకుపోతాయి. నెమ్మదిలో ఒక దెబ్బ వెంట్రుకవాసి జరిగినా దొరికిపోతుంది. ఇలా వేళ్లతో మీటే ఫింగర్‌పికింగ్ నేర్చుకునేవాళ్లు మొదటి నెలల్లోనే హర్ట్ పాటలు మొదలుపెడతారు. స్వరాలు పట్టుబడ్డాక కూడా ఆయనలా వినిపించదు. ఎందుకంటే స్వరాలన్నీ కాగితం మీద ఉంటాయి గానీ ఆ నడక ఉండదు.

ఇక్కడే బ్లూస్ గొంతు గురించి ఒక మాట. బ్లూస్‌కి ప్రాణం అనే స్వరం మన లెక్కలో సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. సన్ హౌస్ సీసా మెడను తీగ మీద జార్చి ఆ మధ్య చోటునే పట్టుకుని వేలాడతాడు. గమకానికి అలవాటుపడ్డ చెవికి అది వెంటనే తెలుస్తుంది. హర్ట్ అలా వేలాడడు. ఆ స్వరాన్ని తాకి వదిలేస్తాడు. గొంతులో కూడా అంతే, పక్కన కూర్చున్నవాడికి వినబడితే చాలన్నట్టు పాడతాడు. అందుకే ఫోను స్పీకరులో ఈయన పాటలు వినడం దండగ. చిన్న స్పీకరు కింది తీగల మోతను తినేస్తుంది, బొటనవేలు పోతుంది, మిగిలేది ఒక ముసలాయన గొణుగుడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాల్సిందే.

1928 డిసెంబరులో కంపెనీ ఆయన్ని న్యూయార్క్ పిలిపించి మరికొన్ని పాటలు రికార్డు చేసింది. మొత్తం మీద ఆరు ప్లేట్లు, పన్నెండు పాటలు బయటికొచ్చాయి. ఆ మరుసటి ఏడాది చివర్లో ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. రికార్డులు కొనేవాళ్లు లేరు, కంపెనీ మళ్లీ పిలవలేదు. హర్ట్ అవలాన్ వెళ్లి పొలం పని చేసుకున్నాడు, పశువులు కాశాడు, శనివారాలు ఊళ్లో వాయించాడు. అలా ముప్పై అయిదేళ్లు.

ఆ కాలంలో ఆయన రికార్డులు మాత్రం వేరే జీవితం గడిపాయి. 1952లో హ్యారీ స్మిత్ అనే సేకర్త పాత గ్రామఫోన్ ప్లేట్ల నుంచి ఎంచి కూర్చిన ‘ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్’ను ఫోక్‌వేస్ సంస్థ విడుదల చేసింది. అందులో హర్ట్ పాటలు రెండు, ‘ఫ్రాంకీ’, ‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’. నగరాల్లో గిటారు పట్టిన కుర్రకారు ఆ సంకలనాన్ని అరిగిపోయేలా విన్నారు. పాడినవాడు ఎవరో, బతికున్నాడో లేదో ఎవరికీ తెలియదు. పోయాడనే చాలామంది అనుకున్నారు.

దారి చూపించింది ఇంకో పాట. న్యూయార్క్‌లో చలికాలంలో, ఊరి మీద బెంగతో ఉన్న రోజుల్లో పాడిన ‘అవలాన్ బ్లూస్’లో, అవలాన్ మా ఊరు, మనసంతా అక్కడే అని ఒక చరణం ఉంది. ఈ రికార్డు టేపు వాషింగ్టన్‌లోని సేకర్తల చేతికొచ్చింది. అప్పటి మ్యాపుల్లో అవలాన్ దొరకలేదు, 1878 నాటి ఒక పాత అట్లాసులో దొరికింది. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు అక్కడికి వెళ్లి అడిగితే ఇల్లు చూపించారు. అప్పటికి హర్ట్ డెబ్బై ఏళ్ల మనిషి. ఎక్కడో నగరం నుంచి వచ్చిన తెల్లవాడు పేరు పెట్టి అడుగుతుంటే పోలీసులేమో అని భయపడ్డాడు. 1963 నాటి మిసిసిపీలో అది తీసిపారేసే భయం కాదు. ఆ ఏడాది జూన్‌లోనే అదే రాష్ట్రంలోని జాక్సన్‌లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఇంటి ముందే కాల్చి చంపారు. బ్లూస్ కథల్లో ఈ ఘట్టాన్ని నవ్వులాటగా చెప్పుకోవడం అలవాటైపోయింది. అందులో నవ్వేం లేదు.

ఆ జులైలోనే ఆయన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం పాడాడు, నెలాఖరున న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ వేదిక ఎక్కాడు. ఆ తర్వాత మూడేళ్లు కాలేజీలు, కాఫీహౌస్‌లు, టీవీ. వాషింగ్టన్‌లో కాపురం పెట్టి అక్కడి ఆంటారియో ప్లేస్ అనే కాఫీహౌస్‌లో క్రమం తప్పకుండా పాడాడు. 1966 నవంబరు 2న మిసిసిపీలోని గ్రెనడాలో కన్నుమూశాడు. అంటే శ్రోతల ముందు వృత్తి కళాకారుడిగా గడిపింది మూడేళ్ల చిల్లరే. అంతా డెబ్బై దాటాకే.

‘మళ్లీ కనుగొన్నారు’ అనే మాట ఈ కథలో ఎప్పుడూ వినిపిస్తుంది. హర్ట్ ఎక్కడికీ పోలేదు. వెతికినవాళ్లకి కొత్త గానీ అవలాన్‌లో ఆయన ఇంటికి దారి అందరికీ తెలుసు. ఈ తేడా మాటల దగ్గర ఆగదు, సంగీతంలో వినబడుతుంది. 1964లో ఇలాగే దొరికిన సన్ హౌస్ చాలా ఏళ్లుగా వాయించడం మానేశాడు. తన పాత పాటలు తనకే మరిచిపోతే ఆల్ విల్సన్ అనే కుర్రాడు కూర్చోబెట్టి గుర్తు చేయాల్సి వచ్చింది. అదే ఏడాది ఆసుపత్రిలో దొరికిన ఇంకో పాత బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ అనారోగ్యంతో ఉన్నాడు. ఆయన 1931 రికార్డుల్లోని వింత వేగం మళ్లీ పూర్తిగా రాలేదు. ఇద్దరూ తర్వాత గొప్పగా పాడారు, కాదనలేం. కానీ వాళ్ల విషయంలో శ్రోత ఎప్పుడూ పాత రికార్డుతో పోల్చుకుంటూ వింటాడు, ఏం పోయింది, ఏం మిగిలింది అని. హర్ట్ విషయంలో ఆ లెక్క పనిచేయదు. వేదికల మీద లేకపోయినా వాయిద్యం పూర్తిగా మానలేదు. పైగా గొంతు చించుకునే సంగీతం కాదు కాబట్టి వయసు తీసుకుపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు.

పోలిక పెట్టి వింటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ‘లూయిస్ కాలిన్స్’ తీసుకుందాం. ఊళ్లో జరిగిన ఒక హత్య గురించి జనం చెప్పుకుంటుంటే విని కట్టిన పాట. మొదటి చరణంలోనే కొడుకు ఇల్లు వదిలి వెళ్తుంటే తల్లి ఏడుస్తుంది. ప్రతి చరణం చివరా దేవదూతలు అతన్ని పడుకోబెట్టారు అనే పల్లవి. 1928 ప్లేటులో, వెనక పోపు వేగుతున్నట్టు చిటపటల మధ్య, గొంతు పైస్థాయిలో, యువకుడి గొంతు. పాట చురుగ్గా కదులుతుంది. ప్లేటులో చోటు మూడు నిమిషాలే కదా, ఆ తొందర కొంత యంత్రానిది. 1966లో వాన్‌గార్డ్ సంస్థ తెచ్చిన ‘టుడే!’ ఆల్బంలో అదే పాట వినండి. గొంతు దిగింది, గరగర చేరింది, నడక నెమ్మదించింది. చరణానికీ చరణానికీ మధ్య గిటారు ఒంటరిగా ఒక చుట్టు తిరిగి వస్తుంది, చావుకి వచ్చినవాళ్లు మాట దొరక్క కాసేపు ఊరుకున్నట్టు. మొదటిది జరిగింది చెబుతున్న మనిషి గొంతు. రెండోది ఆ చావును నలభై ఏళ్లుగా తలుచుకుంటున్న మనిషి గొంతు. ఏది మెరుగు అంటే తేల్చడం కష్టం. ఒకటే వినే ఓపిక ఉంటే మాత్రం రెండోదే వినాలి.

ఈ పాట ఇంకో పెద్ద విషయానికి తలుపు. హర్ట్‌ను పరిచయం చేసేవాళ్లు సాధారణంగా వాడే మాటలు సౌమ్యుడు, తాతయ్య లాంటివాడు, చిరునవ్వు. అబద్ధం కాదు. ఫొటోల్లో ఆ గోధుమరంగు టోపీ కింద ముఖం చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. కానీ ఆయన పాటల్లో శవాలు లెక్కపెట్టండి. ‘ఫ్రాంకీ’లో ప్రియుడు మోసం చేశాడని ఫ్రాంకీ తుపాకీతో కాల్చేస్తుంది. 1899లో సెయింట్ లూయిస్‌లో నిజంగా జరిగిన హత్యే ఈ పాటకు మూలమంటారు. ‘స్టాక్ ఓ లీ’ది అదే నగరం, 1895 క్రిస్మస్ నాటి హత్య. ఒక టోపీ కోసం చంపిన కథ. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు, పెళ్లాం ఉన్నారు, చంపొద్దని చావబోతున్న బిల్లీ బతిమాలతాడు. అందరినీ పట్టుకుపోయే పోలీసులు వీణ్నెందుకు పట్టుకోలేకపోతున్నారు అని పాట మొదట్లోనే నిలదీస్తుంది. ‘లూయిస్ కాలిన్స్’ సరేసరి.

ఇంత రక్తాన్ని ఆ గొంతుతో పాడటమే హర్ట్ ప్రత్యేకత. భయపెట్టాలని చూడడు, కన్నీళ్లు పిండడు. ఊళ్లో పెద్దవాళ్లు అరుగు మీద కూర్చుని ఫలానా వాళ్లింట్లో జరిగింది చెప్పే పద్ధతి అది. గొంతు పెంచరు, ముఖం మారదు, కానీ వింటున్నవాళ్లు అక్కణ్నించి లేవరు. అరిచి పాడితే శ్రోత గాయకుడి బాధను చూస్తాడు. ఇలా పాడితే పాటలో ఉన్న మనిషినే చూస్తాడు. గాయకుడు పక్కకి తప్పుకుంటాడు. హర్ట్ సౌమ్యతను స్వభావం కింద రాసేసి వదిలేయడం తప్పనిపించేది ఇందుకే. అది పాట కట్టే పద్ధతి కూడా.

చిలిపితనమూ అంతే. ‘క్యాండీ మ్యాన్’ మిఠాయిలమ్మేవాడి పాట కాదని వినగానే తెలుస్తుంది. ఆ మిఠాయి ఏమిటో, ఆడవాళ్లంతా ఎందుకు ఎగబడుతున్నారో చెప్పక్కర్లేదు. అమాయకమైన ముఖం పెట్టి, గిటారు మీద బడిపిల్లల ఆటపాటంత తేలిగ్గా వాయిస్తూ పాడేస్తాడు. ఇంట్లో పెద్దాయన భోజనాల దగ్గర బూతు జోకు వేసి ఏమీ ఎరగనట్టు పప్పు వడ్డించమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

లైవ్ రికార్డులు వినాల్సింది ఈ పెద్దాయన కోసమే. 1965 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీలో చేసిన కచేరీ మొత్తం రికార్డయింది. తర్వాత వాన్‌గార్డ్ సంస్థ దాన్నే ‘ది బెస్ట్ ఆఫ్ మిసిసిపీ జాన్ హర్ట్’ అని పేరు పెట్టి విడుదల చేసింది. పేరు చూసి పాత హిట్ల సంకలనం అనుకుని వదిలేసేవాళ్లు ఉంటారు, పాపం. స్టూడియోలో దొరకనిది అందులో ఉంది. పాటల వరస చూడండి. దేవుడి పాటతో మొదలవుతుంది. కాసేపటికి ‘సాల్టీ డాగ్’ పాట, కాఫీ పాట, హత్య పాట. మధ్యమధ్య కీర్తనలు. చివరికొచ్చేసరికి కోడి పేరు అక్షరాలు విడదీసి చెప్పే పిల్లల తమాషా పాట, ఆపైన అమెరికాలో చిన్నపిల్లాడికి కూడా వచ్చిన ‘యు ఆర్ మై సన్‌షైన్’. ఒక నిపుణుడు అసలైన బ్లూస్ కచేరీ అని రాసుకునే పట్టిక ఇలా ఉండదు. జాన్ హర్ట్ శనివారం రాత్రి ఎవరింట్లోనో వాయించినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది. శ్రోతలు కాలేజీ కుర్రాళ్లయినంత మాత్రాన ఆయన సరుకు మార్చలేదు.

దగ్గరగా వినాల్సినవి రెండు. మొదటిది ‘కాఫీ బ్లూస్’. పాటకన్నా ముందు మాటలుంటాయి. ఫలానా మ్యాక్స్‌వెల్ హౌస్ కాఫీ తనకెందుకిష్టమో, డబ్బా మీద రాసినట్టు ఆఖరి చుక్క దాకా ఎంత బాగుంటుందో, వేరే కాఫీ రెండు మూడు కప్పులకన్నా అది ఒక్క చెంచాడు చాలని చెబుతాడు. కాఫీ చేసిచ్చే అమ్మాయి ఊరు వదిలి వెళ్లిపోయింది, అదీ బాధ. చెంచాడు అన్న మాట కాఫీ దగ్గర మొదలై కాఫీ దగ్గర ఆగదని విన్నవాళ్లకి తెలిసిపోతుంది. అరవైల్లో పేరుకెక్కిన ‘లవిన్ స్పూన్‌ఫుల్’ రాక్ బృందం తన పేరు తీసుకున్నది ఈ పాట నుంచే. పాట నడుస్తుండగా ఒకచోట హర్ట్ పంక్తిని సగంలో వదిలేస్తాడు, మిగతా మాట గిటారు పలుకుతుంది. ఏ మాటో చెప్పకుండానే అందరికీ తెలుసు. ఇది ఆయన చాలా పాటల్లో చేసే పని. నోటితో మొదలుపెట్టి వేలితో ముగించడం.

రెండోది ‘టుడే!’లోని ‘టాకింగ్ కేసీ’. 1900లో మిసిసిపీలోని వాన్ అనే ఊరి దగ్గర రైలు ప్రమాదంలో చనిపోయిన డ్రైవరు కేసీ జోన్స్ కథ. ఇందులో పాట తక్కువ, కబురు ఎక్కువ. తీగల మీద స్లైడ్ జార్చి రైలు కూత వేయిస్తాడు, గంట కొట్టిస్తాడు, ఇంజన్ బయల్దేరి వేగం అందుకోవడం వినిపిస్తాడు. రికార్డులో కూడా బాగుంటుంది గానీ ఇది ఎదురుగా జనం ఉంటేనే పూర్తయ్యే కళ. జనం నవ్వితే ఆయన ఒక క్షణం ఆగుతాడు, ఆ ఆగడం కూడా కథలో భాగమైపోతుంది. మాటలు చెబుతున్నా బొటనవేలు మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

కళ్లతో చూడాలనుకునేవాళ్లకి ఫోక్ గాయకుడు పీట్ సీగర్ టీవీ కార్యక్రమం ‘రెయిన్‌బో క్వెస్ట్’ దృశ్యాలున్నాయి. అక్కడ కెమెరా చేతులను చూపిస్తుంది. చేసేది ఎంత తక్కువో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మణికట్టు దాదాపు కదలదు. 1928లో తల కదపొద్దన్నందుకు మెడ పట్టేసిన మనిషి మామూలుగా కూర్చున్నప్పుడు ఎలా ఉంటాడో ఇక్కడ కనబడుతుంది.

ఏది ముందు వినాలన్న ప్రశ్నకి సమాధానం చిన్నదే. ‘టుడే!’తో మొదలుపెట్టి, ఓబర్లిన్ కచేరీ విని, ఆ తర్వాతే 1928 పాటలకు వెళ్లడం మంచిది. ‘టుడే!’ను 2009లో అమెరికా జాతీయ రికార్డింగుల భాండాగారంలో చేర్చారు, కానీ కారణం అది కాదు. శబ్దం శుభ్రంగా ఉంటుంది, బొటనవేలు స్పష్టంగా వినబడుతుంది. కాలక్రమం అని 1928తో మొదలుపెడితే చిటపటలకే సగంమంది వెనక్కి పోతారు. 1963లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి పాడినవి ఆ తర్వాత, ఇంకా ఆకలి మిగిలితే. చావుకి కొన్ని నెలల ముందు న్యూయార్క్‌లో పాడిన ‘లాస్ట్ సెషన్స్’ అన్నిటికన్నా ఆఖర్న. అందులో గొంతు బాగా అలసి ఉంటుంది, ముందే వింటే ఆయన ఎప్పుడూ అంతే అనుకునే ప్రమాదముంది. 2001లో బెక్, లూసిండా విలియమ్స్ వంటివారు ఆయన పాటలు పాడి తెచ్చిన నివాళి ఆల్బం కూడా ఉంది. మంచి గాయకులే. కానీ చాలాచోట్ల బొటనవేలు పనిని వాయిద్య బృందానికి అప్పగించేశారు. అప్పగించాక ఏం మిగులుతుందో తెలుసుకోవడానికైనా ఒకసారి వినొచ్చు.

అవలాన్‌లో హర్ట్ కాపురమున్న చిన్న చెక్క ఇంటిని తర్వాత మ్యూజియం చేశారు. 2024 ఫిబ్రవరిలో అది కాలిపోయింది.

చివరగా ‘స్పైక్ డ్రైవర్ బ్లూస్’. హర్ట్ కొన్నాళ్లు రైల్వే పట్టాల పని చేశాడు, ఈ పాట అక్కడ నేర్చుకున్నదే. అమెరికాలో జాన్ హెన్రీ కథ అందరికీ తెలుసు. ఆవిరి యంత్రంతో పందెం కాసి, సుత్తితో గెలిచి, గెలిచిన చోటే ప్రాణం విడిచిన నల్ల కార్మికుడు. ఆ కథ మీద పాటలు పదులకొద్దీ ఉన్నాయి, దాదాపు అన్నీ వీరుణ్ని పొగిడేవే, సుత్తి దెబ్బలా ధనధనమనేవే. హర్ట్ పాటలో కార్మికుడు వేరే మాట అంటాడు. జాన్ హెన్రీని చంపిన సుత్తి ఇదే, నన్ను మాత్రం చంపలేదు. ఇదిగో, తీసుకెళ్లి కెప్టెనుకి ఇచ్చెయ్, నేను వెళ్లిపోయానని చెప్పు. పందెం లేదు, చావు లేదు, గొంతు పెంచడం లేదు. మనిషి పనిముట్టు కింద పెట్టి ఇంటిదారి పట్టాడు. కింద బొటనవేలు ఒక తీగ మీంచి ఇంకో తీగ మీదికి, అడుగు తర్వాత అడుగు. ఆ నడకలో తొందర లేదు.